మందులకు లొంగని ఇన్‌ఫెక్షన్‌కు ఫేజ్ చికిత్స: రోగి కుటుంబం ఎక్కడ మొదలుపెట్టాలి

ఆసుపత్రిలో ఉన్న మనిషి కల్చర్ రిపోర్టు చేతికి వచ్చి, అందులో మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఎదుట ‘ఆర్’ (అంటే పనిచేయదు), అమికాసిన్ ఎదుట ‘ఆర్’, సిప్రోఫ్లోక్సాసిన్ ఎదుట కూడా ‘ఆర్’ అని వరుసగా కనిపించినప్పుడు, ఇంట్లో ఎవరో ఒకరు రాత్రంతా ఇంటర్నెట్‌లో వెతికి ఫేజ్ చికిత్స (బ్యాక్టీరియాను చంపే వైరస్‌లతో చేసే వైద్యం) అనే మాటను పట్టుకొస్తారు. మర్నాడు ఆ మాట డాక్టరుగారి ముందు ఎత్తితే ‘అది మన దగ్గర లేదండీ’ అన్న జవాబు రావడం, కుటుంబం అక్కడితో ఆగిపోవడం తరచూ జరుగుతుంది. ఆశ పెట్టుకోవచ్చో లేదో తేల్చుకోవడానికీ, పెట్టుకోదగినదైతే ఏ పని తరువాత ఏ పని చేయాలో తెలుసుకోవడానికీ ఉపయోగపడేలా ఈ వ్యాసం రాస్తున్నాను. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మొదటే చెబుతాను. ఈ చికిత్స రోగి శరీరం నుంచి తీసిన బ్యాక్టీరియాతో మొదలవుతుంది. ఆ బ్యాక్టీరియా ల్యాబ్‌లో సజీవంగా ఉంటేనే తక్కిన పనులన్నీ సాధ్యపడతాయి. దాన్ని పారేసి ఉంటే, మళ్లీ శాంపిల్ తీసి మళ్లీ పెంచేవరకు ప్రపంచంలో ఏ ఫేజ్ కేంద్రమైనా చేయగలిగింది ఏమీ ఉండదు.

ఫేజ్ అంటే ఏమిటి, ఏ ఫేజ్ మందుగా పనికొస్తుంది

బ్యాక్టీరియోఫేజ్ అనేది బ్యాక్టీరియాకు మాత్రమే సోకే వైరస్. మనిషి కణాల్లో పెరిగే శక్తి దానికి లేదు. బ్యాక్టీరియా ఉండే ప్రతి చోటా, అంటే మురుగుకాలువలోనూ చెరువులోనూ మట్టిలోనూ మన పేగుల్లోనూ, ఫేజ్‌లు ఉంటాయి. గంగా యమునల నీటికి కలరా క్రిమిని చంపే గుణం ఉందనీ, మరిగిస్తే ఆ గుణం పోతోందనీ 1896లోనే ఆగ్రాలో పనిచేస్తున్న ఎర్నెస్ట్ హాంకిన్ రాశాడు. 1915లో లండన్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెలిక్స్ డెరెల్ వేర్వేరుగా ఫేజ్‌లను గుర్తించారు. డెరెల్ 1919లో జిగట విరేచనాలతో బాధపడుతున్న పిల్లలకు వాటిని మందుగా ఇచ్చాడు. 1920ల చివర భారతదేశానికి వచ్చి పంజాబ్‌లో కలరా రోగులకు కూడా ఇచ్చి చూశాడు. ఆయనతో కలిసి పనిచేసిన గియోర్గి ఎలియావా 1923లో జార్జియాలోని ట్బిలిసి నగరంలో ఒక సంస్థను నెలకొల్పాడు. ఎలియావాను 1937లో స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. పెనిసిలిన్ వచ్చాక పాశ్చాత్య దేశాలు ఫేజ్‌లను పక్కన పెట్టేసినా, ఆయన స్థాపించిన సంస్థ ఆ పనిని కొనసాగించి, నేటికీ రోగులకు చికిత్స అందిస్తోంది.

ఫేజ్ బ్యాక్టీరియా పైపొర మీద తనకు సరిపడే అణువును పట్టుకుని, తన జన్యుపదార్థాన్ని లోపలికి పంపి, సాధారణంగా గంటలోపే పదుల నుంచి వందల సంఖ్యలో కొత్త ఫేజ్‌లను తయారు చేయించుకుని, ఆ కణాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. తనకు కావలసిన అణువు లేని బ్యాక్టీరియా జోలికి అది పోదు. యాంటీబయాటిక్ మిరప చేను మీద కొట్టిన పురుగుమందులా మేలు చేసేవాటినీ కీడు చేసేవాటినీ కలిపి చంపుతుంది. ఫేజ్ మాత్రం ఒకే జాతి బ్యాక్టీరియాలో కూడా కొన్ని స్ట్రెయిన్లనే, అంటే ఉపరకాలనే, చంపుతుంది. దీనివల్ల పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది. అయితే పక్క మంచం మీది రోగికి పనిచేసిన ఫేజ్ మీ రోగికీ పనిచేస్తుందన్న భరోసా ఉండదు. మన ఐసీయూల్లో ఎక్కువగా కనిపించే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. దాని చుట్టూ చక్కెర పదార్థంతో ఏర్పడిన జిగురు తొడుగు డెబ్బైకి పైగా రకాలలో ఉంటుంది. క్లెబ్సియెల్లా ఫేజ్‌లలో చాలా వాటికి ఒకటి రెండు రకాల తొడుగులను కరిగించే ఎంజైములు మాత్రమే ఉంటాయి.

అన్ని ఫేజ్‌లూ మందుగా పనికిరావు. కొన్ని ఫేజ్‌లు బ్యాక్టీరియాను వెంటనే చంపకుండా, తమ జన్యువులను దాని జన్యువుల్లో కలిపి, తరాల తరబడి అందులోనే దాగి ఉంటాయి. వీటిని టెంపరేట్ ఫేజ్‌లంటారు. డిఫ్తీరియా విషాన్నీ కలరా విషాన్నీ తయారుచేసే జన్యువులు ఆయా బ్యాక్టీరియాకు ఇటువంటి ఫేజ్‌ల ద్వారానే అందాయి. అందువల్ల చికిత్సకు కణాన్ని పగలగొట్టడం తప్ప వేరే దారి ఎరుగని లైటిక్ ఫేజ్‌లనే ఎంచుకుని, వాటి జన్యుక్రమం మొత్తాన్ని చదివి, దాగి ఉండడానికి తోడ్పడే జన్యువులు గాని విషపు జన్యువులు గాని మందులకు లొంగనితనాన్ని మోసుకుపోయే జన్యువులు గాని లేవని నిర్ధారించుకున్నాకే రోగికి ఇవ్వాలి. గంగనీళ్లు పుండు మీద పోయడమో తాగించడమో ఫేజ్ చికిత్స అని చెప్పేవాళ్లు కనిపిస్తున్నారు కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను. ఆ నీటిలో ఏ ఫేజ్ ఎంత ఉందో ఎవరికీ తెలియదు, దానితోపాటు ఉన్న బ్యాక్టీరియా మాత్రం తెరిచిన పుండులోకి తప్పకుండా చేరుతుంది.

మొదటి పని: బ్యాక్టీరియాను దాచమని అడగడం

చాలా ల్యాబుల్లో కల్చర్ రిపోర్టు ఇచ్చిన కొద్ది రోజులకే ఆ ప్లేట్లను ఆటోక్లేవ్‌లో పెట్టి పారేస్తారు. అందులో వారి తప్పేమీ లేదు. దాచమని ఎవరూ అడగరు. కాబట్టి రిపోర్టులో మందులు పనిచేయవని తెలిసిన రోజునే, ఫేజ్ చికిత్స వైపు వెళ్లాలో వద్దో ఇంకా నిర్ణయించుకోకపోయినా సరే, చికిత్స చేస్తున్న డాక్టరుగారి ద్వారా మైక్రోబయాలజీ విభాగానికి ఒక చిన్న లేఖ ఇవ్వండి. ‘ఫలానా ఆసుపత్రి నంబరు గల రోగికి ఫలానా తేదీన తీసిన శాంపిల్‌లో పెరిగిన బ్యాక్టీరియాను గ్లిసరాల్ కలిపిన ద్రవంలో మైనస్ 80 డిగ్రీల వద్ద భద్రపరచవలసిందిగా, ఇకమీదట వచ్చే ఐసోలేట్లను కూడా తేదీలవారీగా విడివిడిగా ఉంచవలసిందిగా కోరుతున్నాము’ అని రాస్తే చాలు (శాంపిల్ నుంచి వేరుచేసి పెంచిన బ్యాక్టీరియానే ఐసోలేట్ అంటారు). పెద్ద ఆసుపత్రులకూ మెడికల్ కాలేజీలకూ ఇది పెద్ద పనేమీ కాదు. అటువంటి ఫ్రీజర్ లేనిచోట అగర్ స్లాంట్ (బ్యాక్టీరియాను పెంచే జెల్ ఉన్న చిన్న గొట్టం) మీద పెంచి చల్లగా ఉంచినా కొన్ని వారాలు బతుకుతుంది, ఆలోగా ఫ్రీజర్ ఉన్న ల్యాబ్‌కు చేర్చవచ్చు.

ఏలూరులోనో ఖమ్మంలోనో చిన్న ఆసుపత్రిలో రోగిని చేర్పించి ఉంటే, శాంపిల్ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న డయాగ్నస్టిక్ ల్యాబ్‌కు వెళ్లి ఉండవచ్చు. అప్పుడు రిపోర్టు మీద ఉన్న ల్యాబ్ పేరూ శాంపిల్ నంబరూ చూసి, ఆసుపత్రి చేత అక్కడికే లేఖ పంపించాలి. ఒకే శాంపిల్‌లో రెండు మూడు రకాల బ్యాక్టీరియా పెరిగితే అన్నిటినీ దాచమనండి. ఒక రకాన్ని ఫేజ్ తొలగించాక రెండోది విజృంభించే సందర్భాలుంటాయి.

రిపోర్టు చదవడంలో కూడా ఒక జాగ్రత్త అవసరం. ‘ఎస్’ అంటే మందు పనిచేస్తుంది, ‘ఆర్’ అంటే పనిచేయదు, ‘ఐ’ అంటే మధ్యస్థం అని అందరికీ తెలుసు. కానీ కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఎదుట ‘ఐ’ కనిపిస్తే ఆందోళన పడనక్కరలేదు, సంబరపడనూ కూడదు. చాలా ల్యాబులు పాటించే అమెరికన్ ప్రమాణాల ప్రకారం 2020 నుంచి ఆ మందుకు ‘ఎస్’ అనే వర్గమే లేదు; ఆ మందు ఫలితం అంత నమ్మదగినది కాదన్న ఉద్దేశంతోనే దాన్ని తీసేశారు. అంకెల రూపంలో ఉండే ఎంఐసీ విలువలు (బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావలసిన కనీస మందు సాంద్రత) కూడా రిపోర్టులో ఇమ్మని అడగండి. ఫేజ్‌తో ఏ యాంటీబయాటిక్ జోడించాలో నిర్ణయించడానికి అవి అవసరమవుతాయి.

ఎవరికి తగినది, ఎవరికి కాదు

పుండు పైభాగం నుంచి దూదిపుల్లతో తీసిన శాంపిల్‌లో గాని, చాలాకాలంగా క్యాథెటర్ ఉన్న రోగి మూత్రంలో గాని బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన అది జబ్బు కలిగిస్తున్నట్టు కాదు. కేవలం అక్కడ నివాసముంటున్న బ్యాక్టీరియాకు చికిత్స అవసరం లేదు. అలాగే లోపల చీము గడ్డ ఉంటే దాన్ని తీసేయడం, చెడిపోయిన కణజాలాన్ని శుభ్రం చేయడం, ఇన్‌ఫెక్షన్ సోకిన క్యాథెటర్‌ను మార్చడం ముందు జరగాలి. వాటిని వదిలిపెట్టి ఫేజ్ కోసం పరుగెత్తడం వ్యర్థం.

దీర్ఘకాలంగా మానని పుండ్లు, ఎముకల్లో పాతుకుపోయిన ఇన్‌ఫెక్షన్లు, కృత్రిమ మోకీలు లేదా తుంటి చుట్టూ ఏర్పడినవి, గుండె రక్తనాళాలకు అమర్చిన గొట్టాలకు సోకినవి, సిస్టిక్ ఫైబ్రోసిస్ వంటి ఊపిరితిత్తుల జబ్బులు, మళ్లీ మళ్లీ వచ్చే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు ఈ చికిత్సకు ఎక్కువగా తగినవి. ఇటువంటి చోట్ల బ్యాక్టీరియా జిగురు పొర కప్పుకుని ఉండడం వల్ల యాంటీబయాటిక్ సరిగా పనిచేయదు, కొన్ని ఫేజ్‌లు ఆ పొరను ఛేదించగలవు. అంతకన్నా ముఖ్యంగా, ఈ రోగులకు కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. బీపీ పడిపోయి వెంటిలేటర్ మీద ఉన్న సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) రోగికి ఆ వ్యవధి ఉండదు. 2017లో అమెరికాలో ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన ఒక యువతికి సరిపడే ఫేజ్ కోసం ప్రపంచంలోని ల్యాబులన్నీ వెతికినా, అది చేరేసరికి ఆలస్యమై ఆమె దక్కలేదు. ఆ వెతుకులాటలోంచే ఫేజ్ డైరెక్టరీ అనే సంస్థ పుట్టింది; రోగి తరఫు వైద్యులు కోరితే అది వివిధ దేశాల ఫేజ్ ల్యాబులకు ఒకేసారి సమాచారం పంపుతుంది.

ఫలితాల మాట కూడా దాపరికం లేకుండా చెప్పుకోవాలి. బెల్జియంలోని క్వీన్ ఆస్ట్రిడ్ సైనిక ఆసుపత్రి సమన్వయంతో 2008 నుంచి 2022 వరకు 12 దేశాల్లో వరుసగా చికిత్స పొందిన 100 మంది రోగుల వివరాలు 2024లో ప్రచురితమయ్యాయి. వాటి ప్రకారం 77.2 శాతం ఇన్‌ఫెక్షన్లలో రోగి పరిస్థితి మెరుగుపడింది, 61.3 శాతంలో లక్ష్యంగా పెట్టుకున్న బ్యాక్టీరియా పూర్తిగా తొలగిపోయింది. ఆశ కలిగించే అంకెలే ఇవి. కానీ ఫేజ్ ఇవ్వని రోగుల బృందంతో పోల్చి చూసిన అధ్యయనం కాదు కాబట్టి, ఇందులో ఫేజ్ వాటా ఎంతో కచ్చితంగా చెప్పలేం. ఆ నివేదికలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచిన విషయం మరొకటి ఉంది. యాంటీబయాటిక్ జోడించకుండా ఫేజ్ మాత్రమే ఇచ్చినప్పుడు బ్యాక్టీరియా పూర్తిగా పోయే అవకాశం 70 శాతం తగ్గింది. ‘ఫేజ్ వచ్చింది, ఇక యాంటీబయాటిక్స్ ఆపేద్దాం’ అని ఎవరైనా అంటే ఈ అంకె గుర్తుచేయండి.

ఎక్కడ అడగాలి, ఏమి పంపాలి

రోగి కుటుంబం నేరుగా రాసిన లేఖ కన్నా చికిత్స చేస్తున్న వైద్యుడు రాసిన లేఖకు ఏ కేంద్రమైనా త్వరగా స్పందిస్తుంది. అందుకని డాక్టరుగారికి శ్రమ తగ్గేలా మీరే వివరాలు సిద్ధం చేయండి. రోగి వయసు, బరువు, ఇన్‌ఫెక్షన్ ఎక్కడ ఎప్పుడు మొదలైంది, శరీరంలో అమర్చిన పరికరాలు, మూత్రపిండాలూ కాలేయమూ పనిచేస్తున్న తీరు, మధుమేహం వంటి ఇతర జబ్బులు, పడని మందులు, ఇంతవరకు వాడిన యాంటీబయాటిక్‌లు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అన్ని కల్చర్ రిపోర్టులు, తాజా స్కాన్ నివేదిక: ఇవన్నీ రెండు పేజీల్లోకి కుదించి ఆయన చేతికివ్వండి. వాటిలో ఐసోలేట్ ఏ ల్యాబ్‌లో భద్రంగా ఉందో రాయడం మరచిపోవద్దు. మొట్టమొదట అడిగేది అదే.

ట్బిలిసిలోని ఎలియావా సంస్థకు అనుబంధంగా ఉన్న చికిత్సా కేంద్రం విదేశీ రోగులను తీసుకుంటుంది, ముందుగా శాంపిల్ పంపించుకుని పరీక్షిస్తుంది. అక్కడ మందుల దుకాణాల్లో దొరికే ‘ప్యో’ ఫేజ్ మిశ్రమం స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్, ఈ.కోలై, సూడోమోనాస్, ప్రోటియస్ బ్యాక్టీరియాను ఉద్దేశించింది. మన ఆసుపత్రుల్లో అతిగా బాధించే క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ ఆ పట్టికలో లేవన్న సంగతి గమనించండి. వాటికి రోగి స్ట్రెయిన్‌కు తగినట్టు ప్రత్యేకంగా తయారుచేయించుకోవలసిందే. కాబట్టి ఆ సీసాలను ఎవరో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారని కొని తెప్పించుకోవడం వృథా ఖర్చు, కొన్నిసార్లు ప్రమాదం కూడా. పోలండ్‌లోని వ్రోట్స్వాఫ్ నగరంలో హిర్ష్‌ఫెల్డ్ ఇన్‌స్టిట్యూట్, అమెరికాలోని శాన్ డియేగోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2018లో ప్రారంభించిన ఐపాత్ కేంద్రం కూడా ఈ పని చేస్తున్నాయి. మన దేశంలో వారణాసిలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయపు మైక్రోబయాలజీ విభాగంలో గోపాల్ నాథ్ బృందం మానని పుండ్ల మీద ఫేజ్‌లను పూసి ఫలితాలు ప్రచురించింది. కాలి పుండుతో బాధపడే మధుమేహ రోగి విషయంలో మన వైద్యులు మొదట సంప్రదించదగిన చోటు అదేనని నా అభిప్రాయం.

శాంపిల్‌ను విదేశానికి పంపడం కుటుంబం స్వయంగా చేయవలసిన పని కాదు. బ్యాక్టీరియా ఉన్న సీసాను మామూలు కొరియర్‌లో పెట్టడం నేరమూ ప్రమాదమూ. యూఎన్ 3373 (రోగి నుంచి తీసిన జీవ పదార్థమని తెలిపే అంతర్జాతీయ సంఖ్య) గుర్తుతో మూడు పొరల ప్యాకింగ్, దానికి తగిన కాగితాలు ఆసుపత్రి లేదా ల్యాబ్ ద్వారానే జరగాలి.

ల్యాబ్‌లో జరిగే పని

సరిపడే ఫేజ్ ఇప్పటికే ఏదైనా ఫేజ్ బ్యాంకులో ఉండవచ్చు. లేకపోతే మురుగునీటిని వడగట్టి, బ్యాక్టీరియా దాటలేని 0.22 మైక్రాన్ల ఫిల్టరు గుండా పోనిచ్చి, ఆ నీటిని రోగి బ్యాక్టీరియాతో కలిపి రాత్రంతా ఉంచి, మర్నాడు మళ్లీ వడగట్టి, ఆ బ్యాక్టీరియా పరుచుకున్న అగర్ ప్లేటు మీద చుక్కలుగా వేస్తారు. ఫేజ్ ఉన్నచోట తెల్లని పొర మధ్యలో పారదర్శకమైన మచ్చలు ఏర్పడతాయి. చుక్క వేసినచోట పొర కరిగినంత మాత్రాన ల్యాబులు తృప్తిపడవు. ఫేజ్‌ను పలుచన చేస్తూ పోయి విడివిడి మచ్చలు వస్తున్నాయో లేదో చూస్తారు. ద్రవంలో యాంటీబయాటిక్‌తో కలిపి పెట్టి, రెండూ ఒకదానికొకటి తోడ్పడుతున్నాయా అడ్డుపడుతున్నాయా అన్నది కూడా చూస్తారు. ఆ చివరి పరీక్ష జరిగిందా అని మీ వైద్యుడు తప్పక అడగాలి.

తరువాతి పని శుద్ధి. క్లెబ్సియెల్లా వంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాను పగలగొట్టి పెంచిన ఫేజ్ ద్రావణం నిండా ఎండోటాక్సిన్, అంటే ఆ బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థం, ఉంటుంది. అది రక్తంలోకి చేరితే జ్వరం, బీపీ పడిపోవడం వంటి ప్రమాదాలు కలుగుతాయి. సిరలోకి ఇచ్చే ఏ మందులోనైనా అది రోగి బరువులో కిలోకు గంటకు 5 యూనిట్లు మించకూడదన్నది ప్రామాణిక పరిమితి. ఎండోటాక్సిన్ విలువ, స్టెరిలిటీ (వేరే క్రిములేవీ లేవని చూసే) పరీక్ష, జన్యుక్రమ పరీక్ష, మిల్లీలీటరుకు ఎన్ని సజీవ ఫేజ్‌లున్నాయన్న లెక్క ఉన్న ధ్రువపత్రం లేకుండా వచ్చిన సీసాను రక్తంలోకి ఇవ్వడానికి ఒప్పుకోకండి.

సజీవ ఫేజ్‌ల లెక్క ఎంత ముఖ్యమో ఫ్రాన్స్, బెల్జియం దేశాల్లో కాలిన గాయాల రోగుల మీద 2015 నుంచి 2017 వరకు జరిగిన ఫేగోబర్న్ పరీక్ష చెబుతుంది. సూడోమోనాస్ మీద పనిచేసే 12 ఫేజ్‌ల మిశ్రమాన్ని మిల్లీలీటరుకు పది లక్షల చొప్పున ఇవ్వాలనుకున్నారు. తయారయ్యాక నిల్వలో ఫేజ్‌లు చచ్చిపోవడంతో రోగులకు అందింది వంద చొప్పున మాత్రమే. మామూలు మందు కన్నా ఫేజ్ నెమ్మదిగా పనిచేసిందని తేలి ఆ పరీక్షను మధ్యలోనే ఆపారు. ఫేజ్ సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచడం, తయారీదారు చెప్పకుండా గడ్డకట్టించకపోవడం, నిల్వ ఉంచిన సీసాలో ఫేజ్‌ల లెక్కను మధ్యమధ్య మళ్లీ చూసుకోవడం అందుకే అవసరం.

అనుమతులు

మనుషుల చికిత్స కోసం మార్కెట్ అనుమతి పొందిన ఫేజ్ మందు భారతదేశంలో లేదు. విదేశంలో తయారైన ఫేజ్‌ను ఒక రోగి సొంత వాడకానికి తెప్పించుకోవాలంటే, వైద్యుని ప్రిస్క్రిప్షన్‌తో ఫారం 12ఏ మీద కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థకు దరఖాస్తు చేస్తే, ఫారం 12బీ రూపంలో అనుమతి ఇస్తారు. అనుమతి లేని కొత్త మందును ప్రాణాపాయంలో ఉన్న రోగి కోసం ఆసుపత్రి తెప్పించుకునే మార్గం 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నియమాల్లో వేరుగా ఉంది. ఏ దారిలో వెళ్లినా ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఆమోదం, రోగి లేదా దగ్గరి బంధువు సంతకం చేసిన సమ్మతిపత్రం ఉండాలి. ఆ పత్రం మీకు అర్థమయ్యే తెలుగులో ఇమ్మని అడగడం మీ హక్కు. ల్యాబ్‌లో ఫేజ్ వెతికే పని మొదలైన రోజునే ఈ కాగితాల పని కూడా మొదలుపెట్టండి. ఒకటి పూర్తయ్యాక రెండోది అనుకుంటే వారాలు పోతాయి.

అమెరికాలో ఉన్న మన కుటుంబాలకు మార్గం కొంత స్పష్టంగా ఉంది. ఒక్క రోగి కోసం చికిత్స చేసే వైద్యుడే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు దరఖాస్తు చేయవచ్చు. అత్యవసరమైతే ఫోన్‌లోనే అనుమతి తీసుకుని, పూర్తి కాగితాలు 15 పనిదినాల్లోగా పంపవచ్చు. ఆస్ట్రేలియాలో సిడ్నీలోని వెస్ట్‌మీడ్ కేంద్రంగా పనిచేస్తున్న బృందం ఆ దేశమంతటికీ వర్తించేలా ఒకే పద్ధతిని రూపొందించింది.

మందు ఇచ్చేటప్పుడు, ఇచ్చాక

ఫేజ్ ఇన్‌ఫెక్షన్ ఉన్నచోటికి చేరాలి. పుండుకైతే తడి గుడ్డగా గాని జెల్‌గా గాని, ఊపిరితిత్తులకు నెబ్యులైజర్ ద్వారా, మూత్రాశయానికి క్యాథెటర్ ద్వారా, కీలు లోపలికి శస్త్రచికిత్స సమయంలో, లోతైన ఇన్‌ఫెక్షన్లకు సిరలోకి ఇస్తారు. నోటి ద్వారా ఇచ్చేటప్పుడు కడుపులోని ఆమ్లం ఫేజ్‌ను చంపేయకుండా ముందుగా యాంటాసిడ్ ఇవ్వాలి. పుండును శుభ్రం చేసే అయోడిన్ వంటి ద్రావణాలు కూడా ఫేజ్‌ను చంపుతాయి కాబట్టి, వాటిని సెలైన్‌తో బాగా కడిగేశాకే ఫేజ్ వేయాలి. ఈ సంగతి డ్రెస్సింగ్ మార్చే నర్సుకు రాతపూర్వకంగా తెలియజేయండి. మోతాదు సాధారణంగా కోటి నుంచి వంద కోట్ల వరకు ఫేజ్‌లు ఉంటుంది. ఎన్ని రోజులు, రోజుకు ఎన్నిసార్లు అన్నదానికి అందరూ ఒప్పుకున్న నియమం ఇంకా ఏర్పడలేదు. సిరలోకి ఇచ్చే మొదటి మోతాదు తరువాత కొన్ని గంటలపాటు జ్వరం, బీపీ, ఊపిరి గమనించే ఏర్పాటు ఉన్న చోటనే ఇవ్వాలి.

బ్యాక్టీరియా యాంటీబయాటిక్‌కు లొంగకుండా మారినట్టే ఫేజ్‌కు కూడా లొంగకుండా మారుతుంది, కొన్నిసార్లు రోజుల్లోనే. శాన్ డియేగో ప్రొఫెసర్ టామ్ ప్యాటర్సన్ విషయంలో ఇది అందరూ చూశారు. ఆయనకు 2015 చివర్లో ఈజిప్టు ప్రయాణంలో క్లోమగ్రంథి జబ్బు చేసి, తరువాత ఏ మందుకూ లొంగని ఎసినెటోబాక్టర్ సోకింది. ఆయన భార్య, అంటువ్యాధుల పరిశోధకురాలు స్టెఫనీ స్ట్రాత్‌డీ, ఫేజ్ శాస్త్రవేత్తలకు స్వయంగా లేఖలు రాశారు. ఆయన శరీరం నుంచి తీసిన బ్యాక్టీరియాను టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానికీ అమెరికా నౌకాదళ ల్యాబ్‌కూ పంపితే, సరిపడే ఫేజ్‌లు దొరికాయి. 2016 మార్చిలో మొదట పొట్టలోని గొట్టాల ద్వారా, తరువాత సిరలోకి ఇచ్చారు. కొద్ది రోజులకు ఆయన కోమా నుంచి కళ్లు తెరిచారు. అయితే ఎసినెటోబాక్టర్ త్వరలోనే మొదటి ఫేజ్‌లకు లొంగకుండా మారింది. నౌకాదళ ల్యాబ్ వెంటనే మారిన బ్యాక్టీరియాను తీసుకుని, మురుగునీటి నుంచి కొత్త ఫేజ్‌ను వెతికి ఇవ్వడం, దానికి మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ జోడించడం వల్ల ఆయన గట్టెక్కి, ఆ ఆగస్టులో ఇంటికి వెళ్లారు. ఆ దశలో తాజా ఐసోలేట్ ల్యాబ్‌లో లేకపోయి ఉంటే రెండో ఫేజ్ దొరికే మార్గమే ఉండేది కాదు.

ఫేజ్‌ను తప్పించుకునే ప్రయత్నంలో బ్యాక్టీరియా ఒక్కోసారి తన బలాన్నే పోగొట్టుకుంటుంది. యేల్ విశ్వవిద్యాలయంలో పాల్ టర్నర్, బెంజమిన్ చాన్ ఒక చెరువు నీటి నుంచి తీసిన ఫేజ్ సూడోమోనాస్ మీద ఉండే, యాంటీబయాటిక్‌ను బయటికి తోసేసే పంపునే పట్టుకుంటుంది. దాన్నుంచి తప్పించుకోవాలంటే ఆ పంపును వదులుకోవాలి, వదులుకుంటే పాత మందులకు మళ్లీ లొంగిపోతుంది. అందువల్ల చికిత్స మధ్యలో వచ్చిన ప్రతి కొత్త ఐసోలేట్‌కు ఫేజ్ పరీక్షతోపాటు యాంటీబయాటిక్ సెన్సిటివిటీని కూడా మొదటి నుంచి చేయించండి. మొదట ‘ఆర్’ అని ఉన్నచోట ‘ఎస్’ కనిపిస్తే, ఆ మందును వెంటనే జోడించడానికి డాక్టరుగారికి అవకాశం దొరుకుతుంది.

రెండు మూడు వారాలు దాటి సిరలోకి ఇస్తూ ఉంటే రోగి శరీరమే ఫేజ్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసి దాన్ని అడ్డుకోవచ్చు. మొదట బాగా పనిచేసిన ఫేజ్ తరువాత పనిచేయకపోతే, బ్యాక్టీరియా మారిందా లేక యాంటీబాడీలు వచ్చాయా అన్నది వేరువేరుగా పరీక్షించమనాలి. మొదటి సందర్భంలో కొత్త ఫేజ్ కావాలి. రెండో సందర్భంలో ఇచ్చే మార్గాన్ని మార్చడమో, యాంటీబాడీలకు చిక్కని వేరే ఫేజ్‌ను ఎంచుకోవడమో చేయాలి.

చికిత్స ముగిశాక జ్వరం తగ్గిందని కల్చర్లు ఆపేయకండి. ఎముకల్లో, కృత్రిమ కీళ్లలో దాగిన ఇన్‌ఫెక్షన్ నెలల తరువాత తిరిగి రావచ్చు కాబట్టి, అటువంటి రోగిని కనీసం ఏడాదిపాటు పరీక్షిస్తూ ఉండాలి. డిశ్చార్జి కాగితాల్లో ఏ ఫేజ్, ఏ మోతాదు, ఏ మార్గం, ఏ తేదీలు, ఏ యాంటీబయాటిక్‌తో అన్న వివరాలన్నీ రాయించుకోండి. ఐసోలేట్లనూ మిగిలిన ఫేజ్‌నూ పారేయకుండా ఉంచమని ల్యాబ్‌కు మళ్లీ ఒక లేఖ ఇవ్వండి. రోగి పేరు బయటపెట్టకుండా ఆ కేసును వైద్యపత్రికలో ప్రచురించడానికి ఆసుపత్రి అనుమతి కోరితే ఇవ్వండి.